నార్మా వేసిన తాళం

నార్మా ఎంట్విజిల్‌ని "ఇంజనీరు గారూ" అని పిలిచి చూడండి, తెలుస్తుంది. బోల్టన్ ఊళ్ళో ఆ సాహసం ఒకసారి చేసినవాళ్ళు ఉన్నారు గానీ, రెండోసారి చేసినవాళ్ళు లేరు. "నేను ఎలక్ట్రీషియన్ని. వైర్లు లాగుతా, స్విచ్చులు బిగిస్తా. ఇంజనీరు కావాలంటే వెళ్ళి వంతెనలు కట్టేవాణ్ణి పిలుచుకోండి" అని దులిపేస్తుంది. అరవైకి దగ్గరపడిన మనిషి. పొట్టిగా, గట్టిగా ఉంటుంది. కోపం ముక్కు మీదే ఉంటుంది. నోరు మంచిదైతే ఊరు మంచిదంటారు, ఆ లెక్కన ఆమెకు ఏ ఊరూ మంచిది కాకూడదు. అయినా ఫ్యూజు పోతే ఊరంతా ఆమెకే ఫోన్ చేస్తుంది.

ఆ కోపం ఊరికే వచ్చింది కాదు. ఈమధ్య ఇలాంటి చేతిపనుల్లో పని నేర్చుకోవడం కంటే పేరు మార్చుకోవడం సులువైపోయింది. నిన్నటిదాకా పైపులు బిగించిన టెర్రీ ఆగ్డెన్ ఇప్పుడు "హీటింగ్ కన్సల్టెంట్" అట. పోనీ వాడంటే నవ్వులాటకి పెట్టుకున్నాడనుకుందాం. నార్మా దగ్గరే పని నేర్చి మనిషైన గావిన్ ఫీల్డెన్, నాలుగు రోజులు ఎక్కడో క్లాసులకి వెళ్ళొచ్చి "సీనియర్ ఫైర్ సేఫ్టీ ఇంజనీరు" అయి కూర్చున్నాడు. "పేరు గొప్ప, ఊరు దిబ్బ" అని నార్మా అతని మొహం మీదే అనేసింది. అతనికి మనసు చివుక్కుమంది. ఎదురుపడితే పలకరించుకుంటారు, అంతవరకే.

ఆ శుక్రవారం ముగ్గురూ ఒకే కప్పు కింద ఉన్నారు. అది మాస్‌బ్యాంక్ అనే వృద్ధాశ్రమం. పెల్హామ్ అనే పెద్దమనిషికి అలాంటివి ఆ చుట్టుపక్కల చాలా ఉన్నాయి. నార్మా పొట్ట సగం నిండేది ఆయన పనులతోనే. టెర్రీ బాయిలరు బాగుచేస్తున్నాడు, గావిన్ అలారాలు చూస్తున్నాడు, నార్మా నడవాలో మిణుకుమిణుకుమంటున్న లైటు మార్చడానికి నిచ్చెన ఎక్కి సీలింగు పలక ఒకటి పక్కకి జరిపింది.

జరిపి, అలాగే నిలబడిపోయింది. వంటింటికీ పడకగదులకీ మధ్య ఉన్న గోడలో, పలకల చాటున, తలకాయ దూరేంత కన్నం! అందులోంచి పైపులు, వైర్లు, ఎప్పుడో పనికిరాకుండా పోయిన ఫోను తీగలు. వంటింట్లో చేపలు వేగుతున్న వాసన గుప్పున మొహానికి కొట్టింది. వాసన వస్తున్న దారిలో పొగ రాదా? అవతల ఉన్నది లేచి నడవలేని ముసలివాళ్ళాయె!

ఆ కన్నం ఆమెకంటే ముందు ఎవరూ చూడలేదనుకుంటే పొరపాటే. అక్కడి పనివాళ్ళలో రాయని చట్టం ఒకటుంది: ఆఖరున చెయ్యి పెట్టినవాడిదే పూచీ. అందుకే చూసినవాడల్లా పలక మళ్ళీ మూసేసి, ఈల వేసుకుంటూ దిగిపోయాడు. నార్మా మూయలేదు. నిచ్చెన మీంచే కేకేసింది.

టెర్రీ వచ్చి పైకి చూసి, "నేను వచ్చేటప్పటికే ఉంది తల్లీ ఆ కన్నం. నేను పైపు దూర్చానంతే" అన్నాడు.

"దూర్చి?"

"దూర్చి ఇంటికెళ్ళా. పూడ్చడం గోడలు కట్టేవాళ్ళ పని. అయినా ఆ తెల్ల వైరు ఎవరిది? నీదే కదూ?"

"నాదే. అందుకే గొంతు చించుకుంటున్నా. తిలా పాపం తలా పిడికెడు. ఒరేయ్ గావిన్, నువ్వేంటి తేలు కుట్టిన దొంగలా నిలబడ్డావ్? సేఫ్టీ ఇంజనీరువి కదా, చెప్పు!"

గావిన్ గొంతు సవరించుకున్నాడు. "నా బాధ్యత అలారాల వరకే నార్మా. గోడలు నా పరిధిలోకి రావు."

"పేరు పెట్టుకునేటప్పుడు ఇల్లంతా నీదే, నిప్పు పేరెత్తితే అలారం డబ్బా ఒక్కటేనా? బాగుందిరా!"

ఈ గొడవకి పెల్హామ్ గారు తన గదిలోంచి బయటికొచ్చారు. విషయం విని చిరునవ్వు నవ్వారు. "వచ్చే నెల చూద్దాం నార్మా. ఈలోగా ఆ పలక మూసెయ్యండి. పెద్దవాళ్ళు కంగారుపడతారు."

"పలక మూస్తే కన్నం పోదండీ."

"పలక తీసింది మీరు. ఇప్పుడు అది మీ తలనొప్పి, నాది కాదు." ఆయనకీ ఆ రాయని చట్టం తెలుసు మరి!

నార్మా నిచ్చెన దిగింది. "సరే, నాదే అనుకుందాం" అంటూ వంటింటి వెనకున్న కరెంటు గదిలోకి వెళ్ళింది. పొయ్యిలన్నీ కరెంటువే. పెద్ద స్విచ్చు కిందికి లాగి, అది మళ్ళీ పైకి లేవకుండా నాలుగైదు బెజ్జాలున్న కొక్కెం తగిలించి, ఒక బెజ్జంలో తన ఎర్ర తాళం బిగించి, తాళంచెవి జేబులో వేసుకుంది. చేపలు వేగే చిటపట ఆగిపోయింది.

ఆ తాళం సంగతి ఆ పనిలో ఉన్నవాళ్ళకే తెలుసు. ఎవరు వేస్తే వాళ్ళే తియ్యాలి. దాని వెనక ఎవడో తీగ మీద చెయ్యి పెట్టి ఉండొచ్చు కాబట్టి, ఒకరి తాళం ఇంకొకరు కోయడమంటే వాళ్ళ దృష్టిలో మనిషి పీక కోయడమే.

ముందుగా చేతికర్ర టకటకలాడించుకుంటూ వచ్చింది మిసెస్ విన్‌స్టాన్లీ. తొంభై దాటిన మనిషి, ఒకప్పుడు మిల్లులో మగ్గాల మధ్య పనిచేసింది. "ఏమే పిల్లా, నా చేప ఏదే? వారమంతా దీనికోసమే బతుకుతున్నా ఇక్కడ!"

"ఇవాళ చల్లటి శాండ్‌విచ్చే అవ్వా. నన్నే తిట్టుకో."

"తిట్టనా మరి! చేపతో వేయించి పెట్టే చిప్స్ కూడా లేవూ? నీ దుంపతెగ!" అని నిజంగానే తిట్టింది. నార్మా ఆ తిట్లు పడింది. రాత్రి ఆ ముసల్ది పడుకునే మంచం సరిగ్గా ఆ గోడకి అవతలే ఉందని ఆమెకు తెలుసు.

పెల్హామ్ గారి చిరునవ్వు మాయమైంది. "ఇది బెదిరింపు! తాళం తియ్యి!"

"కన్నం పూడ్చనీండి, తీస్తా. పని సగంలో ఉంది."

"నువ్వేం పని చేస్తున్నావిక్కడ?"

"కాపలా."

ఆయన గిర్రున గావిన్ వైపు తిరిగారు. "మిస్టర్ ఫీల్డెన్, ఇక్కడ ఇంజనీరు మీరు. అధికారం మీది. ఆ తాళం కోసెయ్యండి."

గావిన్ మొహం కందగడ్డలా అయింది. పెల్హామ్ గారి ఆశ్రమాల పని పోతే అతనికీ కష్టమే, కొత్తగా ఇల్లు కొనుక్కున్నాడు. మెల్లిగా సంచీ విప్పాడు. ఇనుము కోసే కత్తెర తీస్తాడనుకుని నార్మా స్విచ్చుకి అడ్డంగా నిలబడింది. "ముందు నా చెయ్యి కొయ్యరా" అంది.

"కాస్త జరుగుతావా?" అన్నాడు గావిన్. అతని చేతిలో ఉన్నది కత్తెర కాదు, తాళం. కొక్కేనికి నార్మా తాళం పక్కన ఉన్న ఖాళీ బెజ్జంలోకి దాన్ని దూర్చి టక్కుమని నొక్కాడు. "నేనూ పనిలోనే ఉన్నాను సార్. ఇప్పుడు కోయాలంటే రెండు కోయాలి."

నార్మా అతని భుజం తట్టింది. ఆమె ఎవరినైనా అలా తట్టడం టెర్రీ ఎప్పుడూ చూడలేదట. పైపులవాళ్ళ దగ్గర అలాంటి తాళాలెక్కడివి? టెర్రీ బయటికి పరిగెత్తి తన సైకిలు గొలుసు పట్టుకొచ్చి ఆ రెంటి చుట్టూ చుట్టేశాడు. "ఇంటికి నడిచే పోతాలే" అన్నాడు.

పెల్హామ్ గారు ఆమె మీదికి వేలు చూపించారు. "ఒకటి గుర్తుపెట్టుకో నార్మా! ఈ కన్నం పూడ్చిన మరుక్షణం నుంచి నా ఆశ్రమాల్లో ఒక్కదాంట్లో కూడా నీకు పని ఉండదు!"

"అలాగే కానివ్వండి. ముందు ఆ పూడ్చేవాళ్ళకి ఫోన్ చెయ్యండి" అంది నార్మా.

ఆయన ఫోన్ తీశారు.