సున్నం కింద జాజు గుర్తు

మా వీధిలో కుళాయిలు, పైపులు బాగుచేసే ఆయన మొన్న ఆదివారం చర్చిలో కూర్చున్న చోటే ఒరిగిపోయాడు. గుండె ఆగిందన్నారు. పాలామె ఆ మాట చెప్పేసరికి నా చేతిలో నీళ్ల చెంబు ఉంది. తాగలేక కింద పెట్టేశాను.

రాయచోటిలో మా ఇంటి బోరు ఎండిపోయి ఏళ్లయింది. దాని పైపు మాత్రం వంటింటి గోడలోనే ఉండిపోయింది. మున్సిపాలిటీ నీళ్లు వదిలినప్పుడల్లా లోపల ఎవరో ఊపిరి తీసుకున్నట్టు ఆ గోడ గురగురమంటుంది. తర్వాత కుళాయిలో మురుగు వాసన. ఇంట్లో బాలింత కూతురు, మూడు నెలల పసిబిడ్డ. నాకు ముద్ద ఎట్లా దిగుతుంది? ఆయన పోయే ముందు శుక్రవారమే ఆయన్ను పిలిపించాను.

ఆయనకో అలవాటుండేది. కుక్కర్ దించమని, ఫ్యాను ఆపమని చెప్పి, గోడకు చెవి ఆనించి పానాతో తట్టేవాడు. తట్టి, జవాబు రావాలన్నట్టు ఆగేవాడు.

"ఏమప్పా, లోపల ఏముండాది?"

"నీళ్లే పెద్దమ్మా. పోయే దారి ల్యాక మురుగుతాండాయి. మీరు తాగే నీళ్లల్లోకి ఎనక్కి వస్తాండాయి."

"కొనకాడ మూత బిగించి ఉండాది గదప్పా?"

"కొనకాడ బిగిస్తే ఏం లాభం? రెండు పైపులు కలిసేకాడ కోసి మూయల్ల. పనిల్యాని పైపు గోడలో ఊరికే ఉండదు."

గడపలకు పూసే ఎర్రటి జాజుతో, కోయాల్సిన చోట నిలువుగా ఒక గీత, అడ్డంగా ఒక గీత గీశాడు. ఏ ఇంట్లోనైనా ఆయన గుర్తు అదే.

"ఇల్లు పడగొట్టేవాళ్లు గీసినట్టుండాది గదప్పా!"

"దిగులు పడేదానికి నీకు ఏదో ఒకటి కావల్ల పెద్దమ్మా. సోమవారం వస్తా. దీన్ని చెరపొద్దు."

పోయేముందు కుళాయి తిప్పి గ్లాసు నీళ్లు తాగాడు. ఎవరింట్లోనైనా ముందు తానే తాగి చూసేవాడు. "బిడ్డకు ఈ నీళ్లొద్దు" అన్నాడు.

ఆదివారం బిడ్డను చూడడానికి చుట్టాలొస్తారు, ఆ ఎర్ర గుర్తు చూసి ఏమనుకుంటారోనని శనివారం దాని మీద సున్నం కొట్టేశాను. ఆ తప్పు నాది.

ఆయన్ను మట్టి చేసిన రోజు ఆయన భార్య దగ్గర కూర్చుని అడిగేశాను. "మా ఇంటి నీళ్లేమన్నా..."

ఆమె నా చెయ్యి పట్టుకుంది. "కాదులేమ్మా. జబ్బు ముందునుంచే ఉండాది. ఎప్పుడూ ఊళ్లో గోడలకే చెవి పెట్టె. ఆయన గుండె ఆయనే ఇనల్యా."

నిన్న ఇంకో పనివాడు వచ్చాడు. తెల్లటి గోడంతా తడిమినా ఆ చోటు చూపించలేకపోయాను. "గోడంతా పగలగొట్టల్ల పెద్దమ్మా, రేపు సుత్తి తెస్తా" అని వెళ్లాడు.

ఈ పొద్దున నీళ్లొచ్చాయి. గోడ గురగురమంది. ఎందుకో కుక్కర్ దించాను, ఫ్యాను ఆపాను. చెవి ఆనించి గరిటె కాడతో మూడుసార్లు తట్టాను. ఆయన ఆగినట్టే ఆగాను.

లోపల చప్పుడు ఆగిపోయింది. చెంపకు తడి తగిలి వెనక్కి జరిగాను. ఆ చోట సున్నం చెమర్చింది. అందులోంచి జాజు మెల్లగా పైకి వస్తోంది. ముందు నిలువు గీత. తర్వాత, అడ్డగీత.