మంచం మీద నుంచి సూర్యుడు లేని ఊరికి

ముందుగా క్షమించమని అడుగుతున్నాను. నేను ఏడో తరగతి దాకానే చదువుకున్నాను. ఒత్తులు, దీర్ఘాలు తప్పు పడితే మీరే సర్దుకుని చదవండి. కాగితం మీద నా రాత కోడి కెలికినట్టు ఉంటుందని మా ఆయన అంటారు, అందుకే ఫోన్లో ఒక్కో అక్షరం నొక్కుతూ రాస్తున్నాను. ఈ పేజీలో అందరూ అరకు, కాశీ, కేరళ వెళ్ళొచ్చి రాస్తారు. నేను వెళ్ళింది నార్వే దేశానికి ఉత్తరపు కొసన ఉన్న ఒక చిన్న రేవు ఊరికి. మంచం దిగకుండా వెళ్ళాను. నాలాగా డాక్టరుగారు కదలొద్దన్న ఆడవాళ్ళు ఎవరైనా ఉంటే వాళ్ళకి పనికొస్తుందని రాస్తున్నాను.

మాది రామచంద్రపురం దగ్గర పల్లెటూరు. మా ఆయన కొబ్బరికాయల లారీ నడుపుతారు, బయల్దేరితే వారం దాకా ఇంటికి రారు. నాకు రెండుసార్లు కడుపు నిలవలేదు. మూడోసారి నవంబరు నెలలో రాజమండ్రి డాక్టరుగారు గర్భసంచికి కుట్టు వేసి, పురుడు దాకా మంచం మీదే ఉండమన్నారు. పెళ్ళైన కొత్తలో పాపికొండలు లాంచీ ఎక్కుదామనుకున్నాం. అదీ కుదరలేదు. ఆ మాట మా ఆయన మనసులో ఉండిపోయిందేమో, లారీ ఎక్కే ముందు నా ఫోన్లో ఊళ్ళు చూపించే కెమెరాలు వెతికి పెట్టారు. అందులో కనిపించేది అప్పుడే జరుగుతూ ఉంటుందట. బీచ్‌లూ బజార్లూ చూస్తే అందరూ నడుస్తూ కనిపించి నాకు ఏడుపొచ్చేది. మంచు కురిసే ఆ రేవు ఊరు మాత్రం నాలాగే కదలకుండా పడి ఉంది. దాన్నే ఉంచేసుకున్నాను.

ఒక గట్టు, ఎర్ర చెక్కల గోడౌను, స్తంభానికి పచ్చటి దీపం, వెనక రెండు కొండలు. కనిపించేది అంతే. నాకు కుట్టు వేసిన వారంలోనే ఆ కొండల సందున ఎర్రగా ఒక గీత మెరిసి మాయమైంది. మళ్ళీ జనవరి దాకా సూర్యుడు రాడని కెమెరా కింద రాసి ఉందట, మా ఆయన దాన్ని తెలుగులోకి మార్చి చదివి చెప్పారు. చలికాలంలో వాళ్ళు మనకంటే నాలుగున్నర గంటలు వెనక. అంటే మనకి సాయంత్రం నాలుగున్నరకి అక్కడ మిట్టమధ్యాహ్నం. ఆ వేళకి ఆకాశం కాసేపు నీలిమందు కలిపిన నీళ్ళలా అయ్యి, మళ్ళీ నల్లబడిపోయేది. పసుపు కోటు వేసుకున్న ఒకాయన గట్టు మీద మంచు పారతో ఎత్తిపోసేవాడు. మర్నాటికి ఆయన ఎత్తినంత మంచూ మళ్ళీ ఉండేది. రోజుకో గంట చూసేదాన్ని. మామూలు నెల ప్యాక్‌తోనే సరిపోయింది, వేరే ఖర్చు లేదు.

కొత్త సంవత్సరం వెళ్ళాక ఒకరోజు అత్తయ్యగారు కాఫీ తెచ్చి నా భుజం మీద నుంచి తొంగి చూశారు. అక్కడ రాత్రా అని అడిగితే, కాదండి, మధ్యాహ్నమండి అన్నాను.

"మధ్యాహ్నం చీకటేంటమ్మా? సూర్యుడేడీ?"

"రెండు నెలలు రాడటండి."

"రాకుండా ఎవరు పట్టుకున్నారు?"

భూమి వాలుగా తిరుగుతుందని బడిలో విన్నాను కానీ, ఆవిడ ఎదురుగా నాకు నోరు పెగలదు. కడుపుతో ఉన్న మనిషి గ్రహణం చూడకూడదని మా వైపు చిన్నపిల్లలకి కూడా తెలుసు. చూస్తే బిడ్డ పెదవి చీలి పుడుతుందంటారు, దాన్నే గ్రహణం మొర్రి అంటారు. పంచాంగంలో గ్రహణం లేదు కదండీ అని మెల్లిగా అన్నాను. "మన పంచాంగం మనకి. వాళ్ళ ఊరికి వాళ్ళది ఉండదూ?" అన్నారు. ఫోన్ తీసుకెళ్ళి బియ్యం డబ్బా వెనక పెట్టేశారు. నా తలగడ కింద దర్భ పెట్టారు. ఆవిడ ఒక్క మాట తిట్టలేదు. తిట్టి ఉంటే బాగుండేది. ఆ రోజు నుంచి నాలుగింటికి నాకొక్కదానికే కాఫీ తెచ్చేవారు. అంతకుముందు నా పక్కన కూర్చుని తాగేవారు. కోపమనుకున్నాను.

గ్రహణం కాదని నాకు తెలుసు. తెలిసినా భయం పోలేదు. నవంబరు నుంచి రోజూ చూశానే అనుకుంటూ నా పై పెదవిని నేనే తడుముకునేదాన్ని. ఐదో నెలలో చేసే టిఫా స్కాన్‌లో బిడ్డ పెదవి కూడా తెలుస్తుందని డాక్టరుగారు ముందే చెప్పి ఉన్నారు. దానికి జనవరి మూడో వారంలో ఒక తారీకు ఇచ్చారు. కెమెరా కింద సూర్యుడు వస్తాడని రాసి ఉన్న రోజు కూడా అదే. ఆ సంగతి నేను ఎవరికీ చెప్పలేదు.

ఆ రోజు పొద్దున్నే బయల్దేరాం. మా ఊరి సూరిబాబన్నయ్య కారు, రానూపోనూ రెండు వేలు. మండపేట, ద్వారపూడి మీదుగా మామూలుగా గంటన్నర పడుతుంది. మంచు దట్టంగా ఉండి, నా కోసం నెమ్మదిగా నడిపి, రెండున్నర గంటలు పట్టింది. వెనక సీట్లో అత్తయ్యగారి ఒళ్ళో తల పెట్టుకుని పడుకున్నాను. ముందు లారీ ఉందో గేదె ఉందో తెలియడం లేదండి అన్నాడు సూరిబాబన్నయ్య. "గేదైతే అదే తప్పుకుంటుంది. లారీ అయితే నువ్వు తప్పుకో" అన్నారు అత్తయ్యగారు. గొయ్యి వచ్చినప్పుడల్లా ఆవిడ చెయ్యి నా నడుం కిందకి వచ్చేది. నాట్లు వేసేవాళ్ళ మాటలు వినిపిస్తున్నాయి, మనుషులు కనిపించడం లేదు. రెండో పంట, దాళ్వా మొదలైంది అనుకున్నాను. రెండు నెలల తర్వాత నేను చూసిన మా ఊరు అదే.

స్కానింగ్ గదిలోకి అత్తయ్యగారిని కూడా రానిచ్చారు. నలుపూ తెలుపూ తెర, లోపల అంతా చీకటి, ఆ చీకట్లో ఎవరో కదులుతున్నారు. ఆ రేవు ఊరే గుర్తొచ్చింది. డాక్టరుగారు గుండె బాగుంది, వెన్నుపూస బాగుంది, కుట్టు గట్టిగానే ఉంది అని ఒక్కొక్కటే చెబుతూ వచ్చి, ఆగిపోయారు. యంత్రాన్ని ఇటు నొక్కారు, అటు నొక్కారు.

"ముఖం చూడనివ్వడం లేదమ్మా. రెండు చేతులూ అడ్డం పెట్టుకుంది. పెదవి ఒక్కటే మిగిలింది."

అత్తయ్యగారి వైపు చూడడానికి నాకు ధైర్యం చాలలేదు. తీపి ఏదైనా తిని ఎడమవైపు తిరిగి పడుకోమని, సాయంత్రం మళ్ళీ చూస్తానని చెప్పి పంపించారు. నర్సుగారు వరండా చివర ఒక మంచం చూపించారు. ఇంటి నుంచి తెచ్చిన బెల్లం ముక్క నాకు పెట్టారు అత్తయ్యగారు. టిఫిన్ డబ్బాలో ఇడ్లీలు ఉన్నా ఆవిడ ముట్టలేదు. మా ఆయన ఒడిశా దారిలో లారీ ఆపి ఫోన్ చేశారు. ఆసుపత్రికి కదా అని అత్తయ్యగారు నా ఫోన్‌ని బియ్యం డబ్బా వెనక నుంచి తీసి సంచిలో తెచ్చారు. నేను ఫోన్ ఆవిడకే అందించాను. ఆవిడే తీసుకుని, కుట్టు బాగుంది, మిగతాది సాయంత్రం చెబుతాం, నువ్వు దారి చూసి నడుపు అని పెట్టేశారు.

నాలుగు కావస్తోంది. ఫోన్ ఇంకా ఆవిడ చేతిలోనే ఉంది. నేను గోడ వైపు తిరిగి ఉన్నాను కాబట్టి అనగలిగాను.

"అత్తయ్యగారూ, ఆ ఊళ్ళో ఇవాళ సూర్యుడు వస్తాడండి."

ఆవిడ అడిగారు. "విడుపా?"

అవునండి అన్నాను. అది అబద్ధమో నిజమో ఇప్పటికీ చెప్పలేను.

ఎలా తెరవాలో చెబితే ఆవిడే తెరిచారు. నేను ఇటు తిరగబోతే చీర కొంగు నా కళ్ళ మీద కప్పేశారు. "పూర్తిగా విడిచేదాకా నువ్వు చూడకు. నేను చెబుతాను."

రెండు నెలలు ఎదురుచూసిన ప్రయాణంలో చూడాల్సిన చోటుకి వచ్చి నేను చూసింది మా అత్తయ్యగారి కొంగు. వక్కపొడి వాసన వేసింది. ఏం కనిపిస్తోందండి అని అడుగుతూనే ఉన్నాను. మబ్బు అన్నారు. గట్టు మీద జనం చేరారు, చేతుల్లో గ్లాసులు ఉన్నాయి అన్నారు. పసుపు కోటు ఉన్నాడా అంటే, ఉన్నాడు, పార లేదు అన్నారు. మళ్ళీ మబ్బే అన్నారు. లోపల బిడ్డ ఒక్కసారి గట్టిగా కదిలింది. మబ్బు విడవకపోతే ఏమిటి అనుకున్నాను.

"ఒకడు టోపీ తీశాడు" అన్నారు. తర్వాత చాలా మెల్లిగా, "వచ్చాడమ్మా" అన్నారు.

కొంగు తీశారు. కొండల సందున గోరంత ముక్క. దాని వెలుగు ఎర్ర గోడౌను మీద పడింది. అది అంత ఎర్రగా ఉంటుందని నాకు అప్పటిదాకా తెలియదు. అత్తయ్యగారు నీళ్ళ సీసా మూత తీసి నా నెత్తి మీద ఇన్ని, ఆవిడ నెత్తి మీద ఇన్ని చల్లారు. గ్రహణం విడిచాక స్నానం చెయ్యాలి కదా, వరండాలో అంతకంటే కుదరదు. ఆ తర్వాత డబ్బా తీసి చల్లారిన ఇడ్లీ గబగబా తిన్నారు. పొద్దున్నుంచీ ఎందుకు తినలేదండి అని అడిగాను.

"పట్టు మీద ఉండగా ఎలా తింటానే? ఇన్నాళ్ళూ నాలుగింటికి నేను ఏమైనా తినడం చూశావా?"

నేను కోపమనుకున్నది అది. ఆవిడ నా వైపు చూడకుండానే, ఒకవేళ ఏమైనా ఉన్నా నీ తప్పు కాదు, ఫోన్ ఇచ్చింది నా కొడుకు, వాడి సంగతి నేను చూసుకుంటాను అన్నారు. ఇద్దరికీ నవ్వొచ్చింది. అప్పుడే లోపలికి పిలిచారు.

తల తడిసిందేంటమ్మా అన్నారు డాక్టరుగారు. విడుపు స్నానమండి అన్నారు అత్తయ్యగారు. డాక్టరుగారు తెర వైపు తిరిగారు. చేతులు కిందకి దిగి ఉన్నాయి. "ఇదిగో పై పెదవి. చీలిక లేదు" అన్నారు. ఇంకోసారి చూపించమని అడిగారు అత్తయ్యగారు. చూపించారు. మూడోసారి కూడా అడిగారు.

ఆ రోజు నుంచి నాలుగింటికి మేమిద్దరం కాఫీ తాగుతూ ఆ ఊరు చూస్తున్నాం. ఫిబ్రవరిలో సూర్యుడు కొండ మీదకి ఎక్కాడు. మార్చిలో గోడౌను చూరు నుంచి నీళ్ళు కారాయి. ఏప్రిల్లో పసుపు కోటాయన పార పక్కన పడేసి పడవకి రంగు వేశాడు. ఇప్పుడు మే నెల, అక్కడ సూర్యుడు అసలు అస్తమించడం లేదు. వాడు నిద్రపోడా అని అత్తయ్యగారు నన్ను అడుగుతారు. భూమి వాలుగా తిరుగుతుందని ఈమధ్యే ధైర్యం చేసి చెప్పాను. విని, "అయితే విడుపు గట్టిదే" అన్నారు. ఆవిడ నమ్మింది వేరు, నాకు తెలిసింది వేరు. కానీ ఆ వరండాలో నా బదులు చీకట్లోకి చూసింది ఆవిడ. ఎంత దూరం వెళ్ళొచ్చినా నాకు గుర్తుండిపోయేది ఆ కొంగు చాటే.

వెళ్ళాలనుకునేవాళ్ళకి ఒక్క మాట. నవంబరులో, సూర్యుడు పోయే వారంలోనే మొదలుపెట్టండి, మనకి సాయంత్రం నాలుగూ అయిదు మధ్య చూడండి. వేసవిలో అయితే తేడా మూడున్నర గంటలే. వచ్చే వారం నా కుట్టు తీస్తారు. పురుడు కాకముందు ఇలా చెప్పుకుంటే దిష్టి అంటారు. ఇది ఉత్తరమైతే చదివి కాల్చేయమని అడిగేదాన్ని. ఫోన్‌లో కాబట్టి, చదివాక దయచేసి తీసేయండి. బిడ్డ పుట్టేదాకా ఎవరికీ పంపకండి.