సూర్యం చెవి

బిలాస్‌పూర్ లింగియాడీహ్ పేటలోని తన రెండు గదుల ఇంట్లో సూర్యం రోజూ పొద్దున్నే టీ తాగి, ఖాళీ స్టీలు గ్లాసును గట్టు మీద పెట్టి గోటితో ఒక్కటి కొడతాడు. తల వంచి వింటాడు. సొట్ట పడేదాకా కొట్టమని ఎత్తిపొడుస్తుంది భార్య అప్పలనర్సమ్మ. ఒకప్పుడు ఆ మోత సన్నబడుతూ ఎంత దూరం పోతే అంత దూరం ఆయన చెవి వెంట వెళ్లేది. కొన్నేళ్లుగా గోరు తగిలిన చోటే ఆగిపోతోంది.

బిలాస్‌పూర్ రైల్వే యార్డులో ముప్పైనాలుగేళ్లు ఆయన పని వినడమే. ఆగిన రైలు పక్కన నడుస్తూ ఒక్కో చక్రాన్నీ సుత్తితో కొట్టేవాడు. ఖంగున మోగితే మంచిది, మొద్దుగా పలికితే ఎక్కడో పగులుంది. మిగతావాళ్లు పంపించేయమన్న పెట్టెను ఆయన ఆపించిన రోజులున్నాయి.

ఇంట్లో ఆ చెవి కూతురు స్వాతి కోసం. రైల్వే ఇన్‌స్టిట్యూట్‌లో వయొలిన్ నేర్చుకుంటున్న పిల్ల, సాయంత్రం తీగల మీద కమాను లాగి తండ్రి వైపు చూసేది. సరిగమలు తెలియని సూర్యం కళ్లు మూసుకుని, సన్నతీగ దిగింది, రవ్వంత ఎక్కించమనేవాడు. బాగుంటే తల ఊపేవాడు. ఆ తల ఊగితే గాని స్వాతి సాధన మొదలయ్యేది కాదు.

రిటైర్మెంటుకు ఏడాది ముందు ఆయన చెవికి చక్రాలు మోగడం మానేశాయి. మోకాళ్ల నొప్పులని చెప్పి స్టోర్సుకు మార్పించుకున్నాడు. అసలు సంగతి భార్యకు తప్ప ఎవరికీ చెప్పలేదు.

రాయ్‌పూర్‌లో ఉంటున్న స్వాతి ఈ ఫిబ్రవరిలో రమ్మని కబురు పెట్టింది. ఒక కాలేజీ హాల్లో మధ్యాహ్నం భోజనాల వేళ ముప్పావుగంట కచేరీ. నలుగురే వాయించేవాళ్లు, మైకుండదు. ఇద్దరూ పొద్దుటి రైలెక్కారు. భాటాపారా దాటాక అప్పలనర్సమ్మ ఆయన చెవి దగ్గరకు జరిగింది.

"ఏటండీ, ఎన్నాళ్లు దాస్తారు? ఈ రోజైనా పిల్లకి చెప్పీండి."

"కచేరీ అవనీ," అన్నాడు సూర్యం.

ఇద్దర్నీ ముందు వరసలో కూర్చోబెట్టారు. నలుగురూ శ్రుతి చేసుకున్నాక స్వాతి తలెత్తి చూసింది. సూర్యం తల ఊపాడు. వాయిద్యాల్లో అన్నిటికన్నా పెద్దదాని బొంగురు మోత ఆయన గుండెకు తగులుతోంది. కూతురి కమాను మాత్రం దూది మీద నడుస్తున్నట్టుంది. ఆ చేయి కదిలినప్పుడల్లా పాత సాయంత్రాలనుంచి ఏదో ఒక స్వరం తెచ్చి దాని కింద పెట్టుకుంటున్నాడు.

రెండో రచన మధ్యలో స్వాతి సన్నతీగ బిరడా జారి శ్రుతి దిగింది. పక్కన వాయిస్తున్నావిడ మొహం చిట్లించింది. అప్పలనర్సమ్మకు కూడా తెలిసింది. తనవంతు రాని రెండు క్షణాల సందులో స్వాతి బిరడా మీద చేయి వేసి, చిన్నప్పటి అలవాటుగా తండ్రి వైపు చూసింది. ఇంకా తిప్పలేదు. సూర్యం నిండుగా నవ్వి, బాగుందని తల ఊపాడు.

స్వాతి చూపు ఆయన మీద ఒక్క క్షణం ఎక్కువ నిలిచింది. తర్వాత తనంతట తనే తీగ బిగించుకుని అందుకుంది.

కచేరీ అయ్యాక ముగ్గురూ కాలేజీ వరండాలో కూర్చుని, తెచ్చుకున్న పులిహోర తిన్నారు. స్వాతి తండ్రికి ఎదురుగా, పెదవులు కనిపించేలా కూర్చుంది.

"ఎన్నాళ్లనుంచి నాన్నా?"

"నాలుగేళ్లు పైమాటే." మళ్లీ తనే అన్నాడు. "చక్రాలు ఇనబడకపోతే డ్యూటీ మార్చమని అడిగినానమ్మా. నీకాడ ఏటని అడుగుతాను?"

"అచ్ఛా," అంది స్వాతి. చేతిలో ముద్ద అలాగే ఉంది. "అయితే పోయినేడు కోల్‌కతా వాళ్లకి పంపిన రికార్డింగు?"

కోల్‌కతాలో ఒక వాద్యబృందంలో ఉద్యోగం కోసం చేసిన ఆ రికార్డింగును స్వాతి ముందు ఆయనకే పంపింది. శ్రుతి మీద తనకే అనుమానంగా ఉందని రాసింది. ఫోను చెవికి ఆనించుకుని, బ్రహ్మాండంగా ఉంది, పంపేయమన్నది ఆయనే. తర్వాత అక్కడ ఖాళీల్లేవట అని మాత్రం చెప్పింది.

"అది తప్పా?" అడిగాడు సూర్యం.

స్వాతి లేచి తల్లి చేతిలోంచి నీళ్ల సీసా తీసుకుని ఆయన చేతులు కడిగించింది. స్టేషనుదాకా వచ్చి సీట్లు చూపించింది, రైలు కదిలేదాకా కిటికీ దగ్గర నిలబడింది.

సూర్యం ఇప్పుడు రెండు చెవులకూ మిషన్లు పెట్టుకుంటున్నాడు. స్వాతి రాయ్‌పూర్‌లోనే బడిపిల్లలకు వయొలిన్ నేర్పుతోంది. ఆదివారాలు ఫోన్ చేస్తుంది; అప్పలనర్సమ్మ మాట్లాడుతుంది, నాన్నకివ్వమని స్వాతి అడగదు.