చాచా ఉప్పు తినడు

శుక్రవారం నమాజుకు ముందే కబురొచ్చింది. మా పక్కింటి చాచా దవాఖానాలో పోయాడు. "వాంతులు, విరేచనాలు. ఈ వానలకు ఎంతమంది పోతలేరు?" అని గల్లీలో అందరిదీ ఒకే మాట. నేను ఒప్పుకోను. ఆయనను చంపింది విరేచనాలు కాదు.

మెదక్‌లో పెద్ద చర్చికి పోయే దారిలో చాచా గొడుగులు బాగుచేసేవాడు. గుండె జబ్బు మనిషి. నాలుగడుగులు వేస్తే ఆయాసం, కాళ్లు వాచేవి. డాక్టరు ఉప్పు మానమన్నాడని పూర్తిగా మానేశాడు. కూర ఉడకగానే, ఉప్పు వేయకముందే, చాచీ ఆయన వంతు చిన్న గిన్నెలోకి తీసేది. పెళ్లి దావత్‌కు పోయినా ఆ గిన్నె వెంట ఉండాల్సిందే. మేం నవ్వితే, "నవ్వుండ్రి బిడ్డా, చప్పటి కూర తినెటోనికే ఉల్లిగడ్డ రుచి ఎర్క" అనేవాడు.

మాటలో మాత్రం చప్పదనం లేదు. బస్సులోంచి ముసలమ్మను దింపేస్తుంటే ఒకసారి అడ్డం పడ్డాడు. ఊరికే చూస్తున్నవాళ్ల వైపు తిరిగి, "నేనంటే ఉప్పు బంద్ జేసినోన్ని. మీరు ఉప్పూకారం తింటలేరా?" అని అరిచాడు.

మొన్నటి వానలకు మా గల్లీ బావిలోకి మురికినీళ్లు దిగాయి. ఇంటికొకరు మంచాన పడ్డారు. చాచాను నేనూ చాచీ రిక్షాలో తీసుకుపోయాం. వార్డు నిండా అదే రోగం, అందరికీ అదే ఉప్పునీళ్ల సీసా, అదే జోరు. ఎండిపోయిన ఒంటికి నీళ్లు ఎక్కించాల్సిందే, కాదనను. చాచా కూడా కాదనలేదు.

"డాక్టర్ సాబ్, నాకు గుండె బీమారి ఉన్నది. జర సూసి మెల్లగ ఎక్కియ్యుండ్రి."

"అది పాత రోగంలే. ఇప్పుడొచ్చిన దాని సంగతి చెప్పు."

పాత రోగమట! కొత్తది రాగానే పాతది మంచం ఖాళీ చేసి పోతుందా? రెండూ ఉండేది ఆ ఒక్క ఒంట్లోనే గదా!

మర్నాటికి విరేచనాలు కట్టాయి. సీసాలు ఆగలేదు. కాళ్లు మళ్లీ వాచాయి. పడుకుంటే ఊపిరాడక లేచి కూర్చుని, "ఆపుండ్రి, మునుగుతున్న" అన్నాడు. చాచీ పోయి బతిమాలితే, "సీసా అయిపోనియ్యమ్మా" అన్నారు. ఆ తెల్లవారే పోయాడు.

నేను ఉప్పూకారం తింటున్నదాన్ని. పోయి అడిగాను. "విరేచనాలు తగ్గించాం కదమ్మా!" అన్నాడా డాక్టరు. తగ్గిందట రోగం! మనిషేడీ? ఒక్క పొయ్యి మీద ఇంటిల్లిపాదికీ వండే ఆడమనిషి, ఒక్కడి కోసం ఇన్నేళ్లు వేరే గిన్నె తీసింది. అంత దవాఖానాకు ఒక్క సీసా మెల్లగా వదలడం చేతకాలేదు. నాకు ఇంకా ఒళ్లు మండుతూనే ఉంది.

మూడు రోజులు మా ఇళ్ల నుంచే అన్నం పంపాం. నిన్న చాచీ మళ్లీ పొయ్యి వెలిగించింది. నేను పోయేసరికి బీరకాయ కూర ఉడుకుతోంది. ఉప్పు డబ్బా అందుకోబోయి ఆగింది. చిన్న గిన్నెలోకి ఒక గరిటె కూర తీసి పక్కన పెట్టింది. ఆ తర్వాతే ఉప్పు వేసింది.