గురుడికి దెబ్బలు తగిలిన ఆషాఢం

ఆ రోజుల్లో నాకు తెలిసింది గోరంత, దాన్ని నలుగురికీ చెప్పాలన్న దురద మాత్రం కొండంత. నందిగామలో ఓ ప్రైవేటు స్కూల్లో సైన్సు మాస్టారుగా చేరి అప్పటికి ఏడాది కూడా కాలేదు. ఎదురుగా నల్లబల్ల ఉన్నా లేకపోయినా పాఠం మొదలుపెట్టేసేవాణ్ణి (బస్సులో నా పక్క సీటు వదిలేసి నిలబడి ప్రయాణం చేసినవాళ్లున్నారు). చివరికి ఆ దురదే నా పెళ్లికి ఎసరు పెట్టింది.

జగ్గయ్యపేటలో కిరాణా హోల్‌సేల్ వ్యాపారం చేసేవారింటికి పెళ్లిచూపులకు వెళ్లాం. అమ్మాయి నాకు నచ్చింది. నేనూ వాళ్లకు నచ్చినట్టే ఉన్నాను. "పిల్లకి ఈ ఏడు గురుబలం బ్రహ్మాండంగా ఉందన్నారండి సిద్ధాంతిగారు. శ్రావణంలో చేసేద్దాం" అన్నారు అమ్మాయి నాన్నగారు. కాఫీ తాగి, నోరు మూసుకుని వచ్చేస్తే సరిపోయేది. కానీ ఆ పొద్దున్నే పేపర్లో చదివిన వార్త నన్ను కుదురుగా ఉండనివ్వలేదు. "గురుడంటే గుర్తొచ్చిందండీ, వచ్చే నెల ఆయన్ని ఓ తోకచుక్క గుద్దబోతోంది! ఇప్పటికే అది ఇరవై ముక్కలైంది. వారం రోజులపాటు ఒకదాని వెనక ఒకటి తగులుతూనే ఉంటాయి" అంటూ పిడికిలితో అరచేతిలో గుద్ది మరీ చూపించాను. అమ్మాయి తలెత్తి, "మనకి కనపడుద్దాండీ?" అని అడిగింది. ఆ ఒక్క ప్రశ్నకే నేను పడిపోయాను. మూల కుర్చీలో కూర్చున్న వాళ్ల నాయనమ్మ (ఇంట్లోవాళ్లు ఆవిణ్ణి చాటుగా హైకోర్టు అనేవారు) తాంబూలం నమలడం ఆపేసిన సంగతి గమనించనేలేదు.

మూడో రోజు మా బాబాయి తీర్పు మోసుకొచ్చాడు. "ఒరేయ్, నీ నోటికి తాళం పడ! దెబ్బలు తినే గురుడు మా పిల్లకేం బలమిస్తాడు, ఆయన కోలుకున్నాక వచ్చే ఏడు చూద్దాం అందంట వాళ్ల పెద్దావిడ. ఏడాది ఆగితే ఆ పిల్లకి ఎవరితో రాసిపెట్టుందో!" అన్నాడు. అంతవరకూ జాతకాలంటే నవ్వేవాణ్ణి. ఆ క్షణం నుంచి గురుడి ఆరోగ్యం గురించి నా అంత దిగులు పడినవాడు ఈ భూమ్మీద లేడు.

ఆషాఢం వచ్చింది, గుద్దుళ్లూ అయిపోయాయి. తగిలినచోటల్లా నల్లటి మచ్చలు పడ్డాయని పేపర్లో రాశారు (ఈసారి ఆ ముక్క ఎవరికీ చెప్పలేదు). గురుడు ఎప్పటిలాగే వెలుగుతున్నాడని ఆ నాయనమ్మకే కళ్లారా చూపిద్దామని, స్కూలు బైనాక్యులర్స్ అడిగి తీసుకుని బడి వదలగానే జగ్గయ్యపేట బస్సెక్కాను. "ఆషాఢంలో ఇదేం తిరుగుడురా" అని మా అమ్మ మొత్తుకుంది. మొదటి రోజు వాన. రెండో రోజు ఇంకా పెద్ద వాన. మూడో రోజు బస్టాండు నుంచి వాళ్లిల్లు చేరేసరికి తడిసి ముద్దయ్యాను. రోజూ ఆ పెద్దావిడ తువ్వాలు ఇచ్చి, వేడివేడి పకోడీలు పెట్టించి, "మబ్బు పట్టిందిగా, రేపు రా అబ్బాయ్" అనేది.

నాలుగో రోజు చీకటి పడేవేళకు మబ్బు విడిపోయింది. అందరం డాబా ఎక్కాం. "అదుగోనండీ, దక్షిణం వైపు, అన్నిటికన్నా పెద్ద చుక్క" అంటూ హడావిడిగా బైనాక్యులర్స్ ఆవిడ కళ్లకు ఆనించాను. ఆవిడ చాలాసేపు చూసింది. అమ్మాయి పిట్టగోడ పక్కన నిలబడి నాయనమ్మ వంకే చూస్తోంది. "నిక్షేపంగా ఉన్నాడు. దెబ్బలు తిన్న వాలకమే లేదు. ముహూర్తం పెట్టించండ్రా" అంది ఆవిడ. సైన్సు గెలిచిందని పొంగిపోయాను.

ఆ గెలుపు గురించి చాలా ఏళ్లు పిల్లలకు పాఠంలా చెప్పుకున్నాను. కళ్లకు చూపిస్తే ఎవరైనా నమ్మి తీరతారని దాని సారాంశం. ఆ పెద్దావిడ పోయిన ఏడు ఓ సాయంత్రం అదే మాట అంటుంటే మా ఆవిడ ఫక్కున నవ్వింది.

"అద్దాలకి నల్లమూతలు తియ్యకుండానే ఇచ్చారండీ ఆ రోజు. నాయనమ్మకి చీకటి తప్ప ఏం కనపళ్లా."

"మరి నిక్షేపంగా ఉన్నాడందిగా?"

"మెట్లు దిగేటప్పుడు నా చెవిలో చెప్పింది. 'గురుడి సంగతి నాకెందుకే, మూడు రోజులు వానలో నానుకుంటా వచ్చాడు పిల్లాడు. ఇంకేం బలం కావాలి నీకు?' అంది."

ఇప్పటికీ డాబా మీద గురుడు కనిపిస్తే బైనాక్యులర్స్ తీస్తాను, మూతలు తీశానో లేదో రెండుసార్లు తడిమి చూసుకుంటాను. పాఠాలు చెప్పడం తప్ప ఇంకేమీ తెలియని ఆ కుర్ర మాస్టారు గుర్తొచ్చి నవ్వొస్తుంది. మూతలున్న అద్దాల్లోంచి కూడా వాణ్ణి అంత బాగా చూసిన పెద్దావిడ మీద బెంగగానూ ఉంటుంది.