సవతి పాటకు తాళం

మా వదిన ఆర్జీలియా ప్రతి ఏడూ తన కోళ్ళలో బాగా పొగరుబోతు పెట్టను చూసి దానికి ఒడీల్ అని పేరు పెట్టేది. చలిగాలి మొదలవగానే ముందు కత్తికి బలయ్యేది అదే. ఆ ఆదివారం మా అన్నయ్య ఉలీస్ గంబో పులుసు రెండోసారి వడ్డించుకుంటూ, "ఈసారి కోడి బాగా కుదిరింది జీలీ" అంటే, "పేరు బలం అలాంటిది మరి" అనేది. అన్నయ్య తల వంచుకుని తినేవాడు.

అసలు ఒడీల్ మనిషే. ఒకప్పుడు మా రోడ్డు చివరింట్లో ఉండేది. అన్నయ్యకు పందొమ్మిదేళ్ళప్పుడు ఎవరింట్లోనో, మంచాలూ బల్లలూ బయట పడేసి డాన్సు పెట్టుకుంటే, అందులో ఆమెతో రెండుసార్లు అడుగు కలిపాడు. రెండంటే రెండే. ఆ తర్వాత కొన్నాళ్ళకే వాళ్ళ నాన్నకు టెక్సాస్‌లో, పోర్ట్ ఆర్థర్ చమురు శుద్ధి కర్మాగారంలో పని దొరికింది. సామాను ట్రక్కులో వేసుకుని ఇల్లంతా వెళ్ళిపోయారు. అన్నయ్య వరిమడి గట్టు మీద నిలబడి చూశాడు. ఆ చలికాలమంతా వడ్లకొట్టులో కూర్చుని అకార్డియన్ మీద ఒక వాల్ట్జ్ పాట, మెల్లగా తిరుగుతూ ఆడేది, కట్టాడు. మీ నాన్న ట్రక్కెక్కి పోయావు, మలుపు దాకా ఒక్కసారి కూడా వెనక్కి చూడలేదు, నేనేం తప్పు చేశాను? ఇంతే పాట. మా పాటలన్నీ ఇంతే, ఎవరో పోతారు, ఎవరో ఏడుస్తారు. కానీ ఆ వరసలో ఏముందో, చుట్టుపక్కల ఊళ్ళన్నీ దాన్ని పట్టుకున్నాయి. ఆదివారం పొద్దున రేడియోలో కూడా వచ్చింది. ఒడీల్ వాల్ట్జ్ అంటే మా వైపు తెలియనివాళ్ళు లేరు.

ఇది జరిగిన మూడేళ్ళకు వదిన మా ఇంటికి కోడలిగా వచ్చింది. పెళ్ళి డాన్సులో జనం ఏ పాట అడిగారో వేరే చెప్పాలా? పైగా పెళ్ళికొడుకే వాయించాలని పట్టుబట్టారు. వాయించాడు, మొహమాటస్తుడు. కొత్త పెళ్ళికూతురు తెల్ల గౌను వేసుకుని కుర్చీలో ఒక్కతే కూర్చుంది. ఆ రోజే ఒక సంగతి కనిపెట్టింది. మిగతా పాటలన్నీ కళ్ళు తెరుచుకుని వాయించే మనిషి, ఈ ఒక్కదానికి మాత్రం మూసుకుంటాడు.

"ఎవర్ని చూస్తన్నావయ్యా లోపల?" అని మర్నాడే అడిగిందట.

"ఎవర్నీ లేదు. వరస తప్పకుండా."

"మరి మిగతావాటికి వరసుండదా?"

అన్నయ్య అకార్డియన్ తీసి తుడవడం మొదలుపెట్టాడట. మా ఇంటి మగవాళ్ళకు ఉన్న మాటలన్నీ వేళ్ళలోకి దిగిపోతాయి.

పిల్లలు పుట్టారు, పెరిగారు. ఊళ్ళో దాణా కొట్టు మూతపడ్డాక, ఖాళీ గదిలో కుర్చీలు వేసి శనివారం పొద్దుటి పాటలు మొదలుపెట్టారు. బడిలో మా ఇంటి భాష, ఫ్రెంచి మాట పలికినందుకు మోకాళ్ళ మీద నిలబెట్టిన తరం మాది. ఇప్పుడు అదే మాటలో పాట వినడానికి ఎక్కడెక్కడి నుంచో కార్లలో వస్తుంటే నాకు ముచ్చటా వేస్తుంది, ఒళ్ళూ మండుతుంది. అక్కడ నా పని కాఫీ పోయడం, పేగులో పంది మాంసం, అన్నం కూరిన బూడాన్ ముక్కలు కోసిపెట్టడం. వాయించేవాళ్ళు గుండ్రంగా కూర్చుంటారు. ఫిడేళ్ళు ఎన్నయినా ఉండొచ్చు గానీ, అకార్డియన్ ఒకసారి ఒకటే మోగాలి. తాళం వేసే ఇనుప త్రికోణం కూడా ఒకటే.

ఆ త్రికోణాన్ని మొదటి శనివారమే వదిన చేజిక్కించుకుంది. పాత గడ్డి యంత్రం పళ్ళు కొలిమిలో వంచి ఎవరో చేసినది అది, చెయ్యి తిరగనివాళ్ళు కొడితే చెవులు చిల్లులు పడతాయి. వదినకు దాని మీద ప్రేమేమీ లేదు. మొగుడి మోకాలి పక్కన కూర్చుంటే మొహం కనబడుతుందని, అంతే. వారం వారం ఆ పాట వచ్చేది, వారం వారం ఆయన కళ్ళు మూసుకునేవాడు, సవతి పాటకు తనే తాళం వేస్తూ వదిన ఆ మూసిన రెప్పలకేసి చూసేది. తనకు చేతనైన పగ ఒకటుండేది. తాళం కొంచెం కొంచెంగా ముందుకు తోసేది, పాట తొందరగా అయిపోవాలని. డాన్సు చేసే ముసలి జంటలు కాళ్ళు తడబడి నవ్వుకునేవారు.

"ఆర్జీలియమ్మా, వాల్ట్జ్ అంటే నడక. దొంగని తరమటం కాదు" అనేవాడు ఆంబ్రోస్, ఫిడేలు దించకుండానే.

"దొంగెవరో నాకు తెలుసులే ఆంబ్రోస్. నువ్వు కానియ్."

ఆంబ్రోస్ క్రియోల్ మనిషి, మాలాగే ఫ్రెంచి మాట్లాడే నల్లవాడు. కుర్రతనం నుంచీ మా ఇళ్ళ డాన్సులకు వాయించినవాడు. ఆ రోజుల్లో వాయించడానికి ముందు గదిలోకి రానిచ్చి, తినడానికి వెనక వసారాలో కూర్చోబెట్టేవాళ్ళం. ఇప్పుడు కాఫీలో మొదటి కప్పు ఆయనదే. అయినా ఆయన అది మర్చిపోయాడని నేననుకోను.

నేను మాత్రం తక్కువ తిన్నానా? ఆడబిడ్డ అర్ధమొగుడన్నారు. వదిన మూతి ముడుచుకోవడం చూడాలనిపించిన రోజున నేనే కాఫీ బల్ల దగ్గర్నుంచి, "అన్నయ్యా, ఒడీల్ వాయించవూ" అని కేకేసేదాన్ని. వదిన నా వైపు చూసిన చూపుకు పాలు విరిగిపోవాలి.

ఒకసారి నా ఎదుటే అన్నయ్యను నిలదీసింది. "నా పేరుతో ఒక పాట కట్టచ్చుగా? చిన్నదైనా పర్లేదు."

అన్నయ్య కాఫీ కప్పు కింద పెట్టాడు. "పోయినవాళ్ళకే కదా జీలీ కడతారు. నువ్వు ఇంట్లోనే ఉన్నావుగా."

"అయితే పోతాను. టెక్సాస్‌కే పోతాను. ట్రక్కు ఎవరిస్తారో చెప్పు" అని గరిటె పొయ్యి మీద కొట్టి బయటికి వెళ్ళిపోయింది. పెరట్లో కోళ్ళకు గింజలు వేసి వచ్చింది, ఇంకెక్కడికి పోతుంది?

నలభై ఏళ్ళు ఇలాగే నడిచాయి. కనబడని సవతి మేలనుకుంటాం గానీ, అదే ఎక్కువ బాధ. కనబడేదైతే జుట్టు నెరుస్తుంది, నడుం వంగుతుంది. పాటలో ఉన్నదానికి ఎప్పుడూ పదిహేడేళ్ళే.

అలాంటిది, ఆ ఏడు లెంట్ ఉపవాసాలు అయిపోయాక, ఒడీల్ తిరిగొచ్చిందని చర్చి మెట్ల మీద తెలిసింది. మొగుడు పోయాడట, చెల్లెలి ఇంట్లో ఉంటుందట, శనివారం పాటలకు వస్తానందట. వదిన ఆ మధ్యాహ్నమే మా ఇంటికి వచ్చింది.

"లావయిందా అది?"

"నేనింకా చూళ్ళేదు వదినా."

"చూడకుండా ఏం చేస్తన్నావ్ లుడీ? పళ్ళు సొంతవేనా?"

"నన్నడిగితే ఏం చెప్పను? మోకాళ్ళ నొప్పులని మాత్రం విన్నాను."

"మోకాళ్ళదేవుంది. మొహం సంగతి చెప్పు" అంది. శుక్రవారం వెళ్ళి జుట్టు ఉంగరాలు తిప్పించుకుని వచ్చింది. అన్నయ్య కూడా చొక్కా తనే ఇస్త్రీ చేసుకున్నాడు. పెళ్ళయ్యాక ఆయన ఇస్త్రీపెట్టె ముట్టుకోవడం అదే మొదలు. ఆ సంగతి వదిన నాకు రెండుసార్లు చెప్పింది. నేను ఎప్పట్లా ఆటపట్టించబోయి ఆగిపోయాను.

శనివారం గది కిటకిటలాడింది. ఊరందరికీ తెలుసు, అందుకే వచ్చారు. ఒడీల్ ఆకుపచ్చ ప్యాంటూ కోటూ వేసుకుని, నెరిసిన జుట్టుకు రంగేసుకుని, నా కాఫీ బల్ల పక్కనే కూర్చుంది. మనిషి చెడ్డదేం కాదు. ఎవరు పలకరించినా నవ్వుతోంది. ఫ్రెంచి చాలావరకు మరిచిపోయింది, సగం ఇంగ్లీషే. అన్నయ్య ఏవేవో టూ-స్టెప్పు డాన్సు పాటలు వాయిస్తున్నాడు గానీ ఆ పాట జోలికి పోవడం లేదు. ఎవరో అడిగితే, "ఉండండి, ఉండండి" అన్నాడు. వేళ్ళు రెండుసార్లు తప్పాయి.

మధ్యలో కాఫీకి ఆపగానే వదిన తిన్నగా మా బల్ల దగ్గరికి వచ్చింది. కప్పు ఒడీల్ చేతికిచ్చి ఎదురుగా నిలబడింది. యుద్ధానికి వచ్చిన మనిషిలా ఉంది.

"ఆ అకార్డియన్ ఆయన బాగా వాయిస్తున్నారండీ. ఎవరాయన?" అంది ఒడీల్.

వదిన నా వైపు చూసింది. నేను నా కత్తి వైపు చూసుకున్నాను.

"ఉలీస్. డెజోటెల్ వాళ్ళబ్బాయి. మీ రోడ్డు మీదే, నీళ్ళ తొట్టి దాటాక" అంది వదిన.

"ఓ, ఆ ఇల్లు గుర్తుంది. ఒక నల్ల కుక్క ఉండేది కదూ, మూడు కాళ్ళది? పాపం, దాన్ని ఎలా మర్చిపోతాను. అబ్బాయి..." అని కాసేపు పైకి చూసింది. "అబ్బాయి కూడా ఉన్నాడా ఆ ఇంట్లో?"

"ఆ పాట మీ మీదే కట్టాడు. ఒడీల్ వాల్ట్జ్."

"నా మీదా?" ఒడీల్ పకపకా నవ్వింది. "టెక్సాస్‌లో కూడా విన్నానండీ. ఇంకెవరో ఒడీల్ అనుకున్నాను. నాకైతే ఆయనెవరో బొత్తిగా తెలీదు. ఆ వయసులో ఎంతమంది కుర్రాళ్ళతో డాన్సు చేస్తాం, చెప్పండి?"

నిజం చెప్పాలి. వదిన ఎగిరి గంతేస్తుందనుకున్నాను. నలభై ఏళ్ళ కడుపుమంట మీద కుండెడు నీళ్ళు పోసినట్టే కదా. కానీ ఆమె మొహం నల్లబడిపోయింది. నడిబజారులో ఎవరో తన మొగుణ్ణి చెంపదెబ్బ కొట్టినట్టు నిలబడింది.

"కుక్క గుర్తుంది" అంది మెల్లిగా. "కుక్క మాత్రం గుర్తుంది."

"మూడు కాళ్ళు కదండీ" అంది ఒడీల్, పాపం అమాయకంగా.

వదిన నా చెయ్యి గిల్లి చెవిలో అంది, "దీన్ని మాటల్లో పెట్టు. ఆయన దగ్గరికి పోనిచ్చావో, నీ పని చెప్తా." వెళ్ళి తన కుర్చీలో కూర్చుంది. మా మధ్య నాలుగు బారలు కూడా లేవు; ఒడీల్ పక్కవాళ్ళతో కబుర్లలో పడింది గానీ, నాకు అన్నీ వినబడుతున్నాయి.

కాఫీ వేళ బయటికి వెళ్ళిన అన్నయ్య అప్పుడే వచ్చి అకార్డియన్ పట్టీ సవరించుకుంటున్నాడు. పెళ్ళయిన ఇన్నేళ్ళలో ఒడీల్ పేరు తనంతట తను వదిన ముందు ఎత్తని మనిషి, తల ఎత్తకుండా అడిగాడు.

"ఏమంది?"

ఒక్క మాట చాలు. కుక్క సంగతి చెబితే చాలు, ఆ పాట ఆ పూటే చచ్చిపోతుంది. ఇంకెప్పుడూ వినక్కర్లేదు, ఆ రెప్పలకేసి చూడక్కర్లేదు. ఆ మాట వదిన నాలుక చివర ఉంది, నాకు తెలుసు. మనసులో నేనూ చెప్పెయ్ వదినా అనే అనుకున్నాను.

"గుర్తున్నావట" అంది వదిన.

అన్నయ్య తల ఎత్తాడు.

"తిరిగి చూసిందట. మలుపు దాకా చూస్తానే ఉందట. ట్రక్కు లేపిన దుమ్ములో నీకే కనపళ్ళేదట." త్రికోణం చేతిలోకి తీసుకుని, కసిగా అంది, "ఇంక మొదలుపెట్టు. జనం చూస్తన్నారు."

అన్నయ్య వాయించాడు. ఆయన మొహం ఎలా ఉందో నేను చూడలేదు, ఒడీల్ నోట్లో బూడాన్ కుక్కే పనిలో ఉన్నాను. కానీ విన్నాను. ఆంబ్రోస్ ఫిడేలు దించి కాసేపు ఊరికే విన్నాడు. త్రికోణం ఆ రోజు ఒక్క దెబ్బ కూడా ముందుకు తోయలేదు. ఒడీల్ లేచి తన మరిదితో రెండు చుట్లు తిరిగొచ్చి, "బాగుంది గానీ కొంచెం పొడుగండీ" అని కూర్చుంది. పాటయ్యాక అన్నయ్య ఆమె వైపు తిరిగి టోపీ అంచు ముట్టుకున్నాడు. ఆమె అందరికీ నవ్వినట్టే నవ్వింది. ఆయనకు అది చాలు. పలకరించే ధైర్యం లేని మనిషి కావడం ఆ రోజు మా అదృష్టం.

మరుసటి శనివారం వదిన నా బల్ల దగ్గరికి వచ్చేసరికి కళ్ళు ఉబ్బి ఉన్నాయి.

"వారమంతా ఈల వేస్తన్నాడు లుడీ. గడ్డం గీసుకుంటా, ట్రాక్టరు తుడుచుకుంటా. నాతో కూడా నవ్వుతా మాట్లాడతన్నాడు. ఎందుకు నవ్వుతన్నాడో నాకు తెలీదా?"

"నువ్వు పెట్టుకున్న నిప్పే కదా వదినా. పోనీ నిజం చెప్పెయ్."

"చెప్పను." కప్పులు తుడుస్తున్నట్టు నా చేతిలో గుడ్డ లాక్కుంది. "నలభై ఏళ్ళు వాయించాడు. అవతల వినేవాళ్ళే లేరంటే ఏమైపోతాడు?"

"అయితే ఎందుకేడుస్తున్నావు? ఆవిడకు ఆయనెవరో కూడా తెలీదు."

గది అవతల ఒడీల్ కాళ్ళు చాపుకుని మోకాలికి మందు రాసుకుంటోంది. వదిన అటు చూసింది, ఆ చూపులో కోపం లేదు.

"దాని మీద నాకేం లేదు, పాపం ముసలిది" అంది. "నా ఏడుపంతా ఆ ట్రక్కులోంచి తిరిగి చూసిన పిల్ల మీదే."

"అలాంటి పిల్ల లేదు కదా వదినా."

"తెలుసు. నేనే కదా పుట్టించింది" అంది.

ఎవరో ఆ పాట అడిగారు. అన్నయ్య కుర్చీ ముందుకు లాక్కున్నాడు. వదిన గుడ్డ నా భుజం మీద పడేసి, త్రికోణం తీసుకుని వెళ్ళి ఆయన పక్కన కూర్చుంది.