లేని పిల్లల్లో ఒకదాన్ని

మా చిన్నప్పుడు... మార్కాపురంలో ఇల్లు మారడం మాకు ఎంత అలవాటంటే, మూటలు పూర్తిగా విప్పడం కూడా మానేశాం. నాలుగు గిన్నెలు, రెండు బొంతలు, ఒక ట్రంకుపెట్టె... బండిలో వేస్తే సంసారం మొత్తం అంతే. బండి వెనక నడుస్తూ మేం ఆరుగురు పిల్లలం.

ఆ ఆరుగురితోనే వచ్చింది చిక్కంతా.

రాష్ట్రం కొత్తగా ఏర్పడిన రోజులవి. మా తాలూకా అప్పటికింకా కర్నూలు జిల్లాలోనే ఉండేది. యర్రగొండపాలెం దగ్గరి మా పల్లెలో వానల్లేక చేను ఎండిపోతే, నాయన మార్కాపురం వచ్చి పలకల కార్ఖానాలో రాయి కోసే పనికి చేరాడు. అద్దెకు ఇల్లడిగితే అందరూ బాగానే మాట్లాడేవాళ్లు... పిల్లలెంతమంది అనేదాకా. ఆ ఏడు మూడిళ్లు మారాం. ఒకచోటైతే అమ్మ అలికిన పొయ్యి తడి ఆరకముందే ఖాళీ చేయమన్నారు.

నాలుగో ఇల్లు మిద్దెల వీధిలో దొరికింది. వీధి నిండా పాత మట్టి మిద్దెలు, వాటిలో ముసలివాళ్లు. వయసులో ఉన్నవాళ్లంతా వ్యాపారాలకని, ఉద్యోగాలకని కర్నూలు, గుంటూరు వెళ్లిపోయారు. సగం ఇళ్లకు తాళాలు. పట్టపగలు కూడా ఎవరిదో ఒక దగ్గు తప్ప చప్పుడుండేది కాదు.

ఇంటామె రంగమ్మవ్వ. పిల్లల్లేరు, భర్త పోయి చాలా కాలమైంది. చూపు తక్కువ. ముందు భాగంలో తనుండి, వెనక రెండు గదులు అద్దెకిచ్చేది. "పిల్లోళ్లు మిద్దెక్కి దుమికితే మట్టి కదిలిపోయి ఇల్లు కారుద్ది. ఇద్దరికి మించి ఉంటే ఇయ్యను" అని ముందే చెప్పేసింది.

నాయన నేల చూస్తూ "ఇద్దరేనవ్వా" అన్నాడు.

ఆ ఇద్దరూ మా అన్న, చంటి తమ్ముడు. తమ్ముణ్ని దాచలేం కదా... ఏడుస్తాడు. మిగిలిన నలుగురం, అక్క, నేను, ఇద్దరు చెల్లెళ్లు, ఆ ఇంట్లో లేనట్టే. తొమ్మిదేళ్ల నాగరత్నం, అంటే నేను... లేని పిల్లల్లో ఒకదాన్ని.

వెనక సందులోంచి ఒక్కొక్కరం పోవడం, ఒక్కొక్కరం రావడం. లోపల గుసగుసలే. తలుపు చప్పుడైతే నోట్లో ముద్ద నోట్లో ఉండగానే దొడ్లోకి పరుగు. అక్కకు దగ్గొస్తే ఓణీ నోట్లో కుక్కుకునేది. చిన్నచెల్లి నిద్రలో కలవరిస్తే అమ్మ దాని నోరు మూసేది. నాకైతే కాళ్లు ఒకచోట నిలిచేవి కావు. గెంతాలని, గొంతు చించుకుని అరవాలని ఒళ్లంతా లాగేది... గోడకు ఆనుకుని గోళ్లు కొరుక్కునేదాన్ని. రెండు నెలలు అలాగే గడిచాయి.

ఒకరోజు పొద్దున జనాభా లెక్కలకని బడి అయ్యవారొకాయన వచ్చాడు. రంగమ్మవ్వే ఆయన్ని మా గుమ్మం దాకా తీసుకొచ్చి, అక్కడే కూర్చుంది. అమ్మ చంటాణ్ని చంకనేసుకుని నిలబడింది. నేను తలుపు చాటున.

"ఎంతమందమ్మా ఉండేది? పేర్లు చెప్పు."

నాయన పేరు అవ్వ చెప్పింది... అప్పట్లో ఆడవాళ్లు మొగుడి పేరు పలికేవాళ్లు కాదు. అమ్మ తన పేరు, అన్న పేరు, తమ్ముడి పేరు చెప్పింది.

"అంతేనా?"

"అంతే సామీ."

ఆయన కలానికి మూత పెట్టబోయాడు. నాకేమైందో ఇప్పటికీ చెప్పలేను. తలుపు తోసుకుని బయటికొచ్చేశాను. "నన్ను రాయలేదు సార్! నా పేరు నాగరత్నం. మా అక్క ఉంది. ఇద్దరు చెల్లెళ్లు ఉండారు. దొడ్లో ఉండారు."

ఆయన మళ్లీ కలం తీసి అందరి పేర్లూ రాసుకున్నాడు. "ఈ వీధంతా కలిపినా మీ ఇంట్లో ఉన్నంత మంది లేరే!" అని నవ్వుకుంటూ వెళ్లిపోయాడు. రంగమ్మవ్వ మాత్రం లేచి, లోపలికెళ్లి తలుపేసుకుంది.

నాయన పని నుంచి వచ్చేసరికి అమ్మ గిన్నెలు మూట కడుతోంది. నన్నెవరూ కొట్టలేదు, తిట్టలేదు. దానికే నాకు ఎక్కువ బాధేసింది. ఉండబట్టలేక వెళ్లి అవ్వ తలుపు కొట్టాను.

"అవ్వా, మేం పోవాల్నా?"

"అబద్ధమాడి చేరినారు గదే" అంది, నా వైపు చూడకుండా.

"నిజం చెప్తే ఇల్లు ఎవరిస్తారవ్వా?"

అవ్వ అప్పుడు నా వైపు తిరిగింది... "నలుగురు పిల్లోళ్లు రెండు నెల్లు నా ఇంట్లో ఊపిరి బిగబట్టుకోని ఉండినారా? ఏం మనిషిననుకున్నారే నన్ను? పో, మీ నాయన్ని పిలువు."

నాయన చేతులు కట్టుకుని నిలబడ్డాడు.

"మూటలు ఇప్పమను" అంది అవ్వ. "వానలు రాకముందే, మిద్దె కారకుండా పైకి చౌడు మట్టి మోయాల. ఈ వీధిలో నిచ్చెన ఎక్కేవాళ్లు ఎవరుండారు? మీ పిల్లోళ్లే మోస్తారు. దుమికినారంటే మాత్రం కాళ్లిరగ్గొడతా."

ఆ ఎండాకాలం చంటాడు తప్ప మేమంతా తట్టలతో మట్టి మోశాం. అవ్వ కింద నిలబడి కళ్లు చికిలించి, "ఆ మూలకి పొయ్యండే!" అని కేకలేసేది. పక్కింటి తాత బెల్లం ముక్కలు చేతిలో పెట్టి తన మిద్దెకూ పోయమన్నాడు. ఆ తర్వాత ఎదురింటివాళ్లు... ఆ వానలకు వీధిలో ఒక్క ఇల్లూ కారలేదు.

గట్టిగా మాట్లాడొచ్చని అమ్మ చెప్పినా, చాలా రోజులు మాకు గుసగుసలే వచ్చేవి. అవ్వే విసుక్కునేది... "ఏందే ఆ గొణుగుడు! నాకు ఇనపడేట్టు మాట్లాడండి!"

ఆ ఇంట్లో ఏడేళ్లున్నాం. అక్క పెళ్లి అక్కడే జరిగింది. అవ్వ పోయాక ఆమె మరిది ఇల్లు అమ్మేశాడు. మళ్లీ బండి, మళ్లీ మూటలు...

మొన్న మార్కాపురం వెళ్లినప్పుడు ఆ వీధికి పోయాను. మట్టి మిద్దె ఒక్కటీ లేదు. అన్నీ స్లాబులు, అంతస్తులు, ఇనప గేట్లు. ఒక గేటు లోపల నా వయసావిడ కుర్చీలో కూర్చుని ఉంది. "ఎవరు కావాల్నమ్మా?" అంది. ఎవరి పేరు చెప్పాలో తోచలేదు. "ఎవరూ వద్దులే తల్లీ, ఊరికే వచ్చినా" అని తిరిగొచ్చేశాను.

ఇప్పుడా వీధిలో గదులు బాగా పెరిగాయి... గదికో మనిషి కూడా లేడేమో అనిపించింది.

మీ చిన్నతనంలోనూ ఏ చుట్టరికం లేకుండా ఇంత చోటిచ్చిన ఇంటామె ఎవరైనా ఉందా? ఉంటే ఆమె గురించి చెప్పండి... వినాలని ఉంది.